మబ్బులు కూడా వస్తున్నాయా?

"కప్పు కోయించకు బాబూ."

షెడ్డు గేటు పక్కన స్టూలు మీద కూర్చున్న ముసలాయన అన్నాడా మాట. లెక్కల మాస్టారు ఇంకా కారు దిగనైనా లేదు. శుభమా అని వస్తే ఈ అడ్డుపుల్ల ఏమిటని ఒళ్లు మండింది.

"కప్పు కోయించడానికే వచ్చానని నీకెవరు చెప్పారు?"

"ఈ షెడ్డుకి ఇంకెందుకొస్తారు?"

నిజమే మరి. కార్లకి కప్పు కోసి అద్దం బిగించడమే ఆ షెడ్డు పని.

లోపల్నించి మేస్త్రి చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఆయన్ని పట్టించుకోకండి మాస్టారూ. రోజూ ఇదే గోల. వచ్చిన బేరాలన్నీ చెడగొడతాడు. ఇంతకీ సన్‌రూఫ్ ఎవరికి? పిల్లలు తల బయటపెట్టి చూడ్డానికేనా?"

మాస్టారు కారు దిగి వెనక సీటు వైపు చూశాడు.

"మా అమ్మాయికి. తలెత్తలేదు. పడుకునే చూడాలి."

పన్నెండేళ్ల పిల్ల. ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. ఎముకల్లో జబ్బు. ఆర్నెల్లుగా వెల్లకిలా పడుకునే ఉంది. రోజు విడిచి రోజు వెనక సీటు మీద పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇంకెన్నాళ్లని అడిగితే, "రోజులు లెక్కపెట్టకండి మాస్టారూ" అన్నాడు డాక్టరు. లెక్కల మాస్టారితో అనాల్సిన మాటేనా అది!

మొన్న దారిలో పిల్ల అడిగింది.

"నాన్నా, చిన్నప్పుడు మనమెటు వెళ్తే మబ్బులు కూడా అటే వచ్చేవి కదా. ఇప్పుడూ వస్తున్నాయా?"

"వస్తున్నాయమ్మా."

"నాకు కప్పు తప్ప ఏమీ కనిపించట్లేదు నాన్నా."

ఆ పూట నుంచి మాస్టారికి ముద్ద దిగలేదు. కప్పు కోయిస్తానంటే భార్య గుమ్మంలో నిలబడి, "కారు అన్నాళ్లు అక్కడుంటే దీన్నెలా తీసుకెళ్తారండీ?" అంది. అంబులెన్సు ఉంది కదా అని వచ్చేశాడు.

ముసలాయన లేచి వాళ్ల దగ్గరికొచ్చాడు. చేతిలో జానెడు అద్దం. ఒక మూల పెచ్చు ఊడింది.

"పడుకున్న పిల్లకి నడినెత్తిన కప్పు తెరిస్తే ఎండ తిన్నగా కళ్లల్లో కొడుతుంది. ఈ అద్దాన్ని తలుపు పైనున్న పిడికి వాలుగా కడతాను. కిటికీలోంచి ఆకాశమంతా ఇందులోకి దిగుతుంది. అరగంట పని. ఇవాళే చూస్తుంది బాబూ."

"కప్పుకి ఎన్ని రోజులు?" మాస్టారు మేస్త్రిని అడిగాడు.

"నాలుగు."

మాస్టారు కారు కప్పు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఒకసారి అద్దం వైపు చూశాడు. అరగంట. చూస్తే పోయేదేముందనిపించింది. అంతలో ఆ పెచ్చు ఊడిన మూల కంటబడింది.

"నా కూతురికి పగిలిన అద్దమా? నేనేమన్నా ముష్టికొచ్చానా తాతా?"

"ఇవాళే చూస్తుంది బాబూ," ముసలాయన మళ్లీ అదే మాట అన్నాడు.

"నువ్వెళ్లి కూర్చో!" మేస్త్రి కసిరాడు.

ముసలాయన వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు.

"కోసెయ్యండి," అన్నాడు మాస్టారు.

మేస్త్రి సుద్దముక్కతో కప్పు మీద గీత గీశాడు.

కబురు వినగానే పిచ్చుక మొహం చాటంత అయింది.

"నాలుగు రోజులేగా!" అని వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. లెక్కల మాస్టారి కూతురు మరి.

మూడో రోజు మధ్యాహ్నం దానికి ఆయాసం మొదలైంది. అంబులెన్సు వచ్చింది. దాని కిటికీలకి తెల్లరంగు పూసి ఉంది.

"నాన్నా, వస్తున్నాయా?"

"వస్తున్నాయమ్మా. మనతోనే వస్తున్నాయి."

ఆసుపత్రి చేరేసరికి పిల్ల లేదు.

నెలరోజులకి గాని మాస్టారు షెడ్డుకి వెళ్లలేకపోయాడు. మేస్త్రికి సంగతి తెలియదు. హుషారుగా మీట నొక్కాడు. కప్పు అద్దం సర్రున వెనక్కి జరిగింది.

"పాప ఎగిరి గంతేస్తుంది చూడండి!"

అన్నాక తలెత్తలేని పిల్ల అని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

మాస్టారు వెనక తలుపు తీసి సీటు మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎండ తిన్నగా కళ్లల్లో కొట్టింది. తట్టుకోలేక తల పక్కకి తిప్పాడు.

తలుపు పైనున్న పిడికి, రెండు తీగల మధ్య, జానెడు అద్దం వాలుగా కట్టి ఉంది.

అందులో ఆకాశం ఉంది. కారు కదలకపోయినా మబ్బులు మెల్లగా వెళ్తున్నాయి.

"ఇదెవరు కట్టారు?"

"ఆ ముసలాయనే. మీరు కారు వదిలెళ్లిన పూటే కట్టేశాడు, వద్దంటే వినలేదు. తీసేస్తానుండండి."

"ఉండనివ్వు," అన్నాడు మాస్టారు. "పాప లేదు మేస్త్రీ. మూడో రోజే పోయింది."

మేస్త్రి చెయ్యి మీట మీదే ఆగిపోయింది. గేటు దగ్గర ముసలాయన వీధి వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు.

"ఎవరాయన?" అని అడిగాడు మాస్టారు, లేచి కూర్చుంటూ.

మేస్త్రి తల దించుకున్నాడు.

"మా నాన్న సార్. ఈ షెడ్డులో మొట్టమొదటి కప్పు ఆయనే కోశాడు, మంచాన పడ్డ మా అమ్మకి దారిలో ఆకాశం చూపిద్దామని. అది పూర్తయ్యేసరికి అమ్మ లేదు. ఆ అద్దం, అమ్మ తల దువ్వుకున్నది."