నీళ్ల నొప్పి

"ఎవుడు నాయనా ఆ డాక్టరు? పేరు చెప్పు, చాలు."

తేజ అరుపుకు అనంతపురం ఆస్పత్రి వరండాలో ఉన్నోళ్లంతా తలలు తిప్పి చూసినారు. ఎర్రన్న మాత్రం బెంచీ మీద ఓ పక్కకు ఒరిగి కూర్చున్నాడు. నడుము ఎట్ల పెట్టినా నొప్పే.

"గుర్తులేదురా."

"మూడేండ్లు మాత్రలు మింగితివి, పేరు గుర్తులేదా?"

తేజ గుంతకల్లులో రైల్వే గ్యాంగ్‌మన్. నెలకోసారి ఊరికి వచ్చినప్పుడల్లా తండ్రి సంచిలో నొప్పి మాత్రల పట్టీలు కనబడేవి. "నీళ్ల నొప్పిలేరా" అనేవాడు ఎర్రన్న. కుందుర్పి పక్కన వాళ్ల ఊర్లో బోరు నీళ్లంతా ఫ్లోరైడే. చిన్నోళ్లకు పండ్లు గార పడతాయి, పెద్దోళ్లకు నడుములు బిగుస్తాయి. ఆ ఊర్లో ఒకడు నడుము నొప్పంటే ఇంకొకడు తలెత్తి కూడా చూడడు.

ఇది నీళ్ల నొప్పి కాదని గంట కిందటే తెలిసింది. డాక్టర్ షఫీవుల్లా తండ్రిని, కొడుకును, కూతురు వనజాక్షిని ఎదురుగా కూర్చోబెట్టుకుని దాపరికం లేకుండా చెప్పేసినాడు. మూత్రసంచి కింద మగవాళ్లకు ప్రోస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది. దాంట్లో క్యాన్సర్. రక్తపరీక్షలో నాలుగు లోపల ఉండాల్సిన పీఎస్ఏ వందల్లోకి పోయింది. ముక్క తీసి చేసిన పరీక్షా అదే చెప్పింది. స్కానులో వెన్నెముకంతా మచ్చలే.

"ఎముకలకు పాకింది కాబట్టి పూర్తిగా పోదు పెద్దాయనా. మూడు నెలలకోసారి ఇంజక్షన్ వేస్తే మగ హార్మోను తగ్గి జబ్బు అణిగుంటుంది. మాత్రలూ ఇస్తాం. కొన్నేండ్లు నొప్పి తగ్గి తిరుగుతావు."

"ముందే తెలిసింటే?" అనడిగినాడు తేజ.

"గ్రంథి దాటకముందే దొరికింటే ఆపరేషన్ చేసో, రేడియేషన్ కరెంటు పెట్టో నయం చేసేవాళ్లం. రాత్రిళ్లు ఒంటేలుకు ఎన్నిసార్లు లేస్తావు, ధార సన్నగా వస్తాందా అని ఎవరన్నా ఒక్క మాట అడిగింటే బాగుండు."

ఆ ఒక్క మాటే తేజను కాలుస్తాంది.

"అది అడగనోడు డాక్టరేనా? ఎంతమంది నడుములకు నీళ్ల నొప్పని రాసిస్తాండాడో! వాని ఆస్పత్రి ముందరే చొక్కా పట్టుకుని ఈడుస్తా. నువ్వయితే అడుగుతావు కదక్కా?"

వనజాక్షి అనంతపురంలోనే ఒక చిన్న ఆస్పత్రిలో డాక్టరు. పోయిన నెల తండ్రి మంచం దిగలేకపోతే, ఈ పరీక్షలన్నీ చేయించింది ఆమే.

"అడుగుతా. వచ్చే పెద్దోళ్లందర్నీ అడుగుతా" అనింది, రిపోర్టుల మీంచి తలెత్తకుండా.

"చూస్తివా? ఇంట్లో డాక్టరును పెట్టుకుని! అక్కకు చెప్పింటే ఏం పోయేది నాయనా?"

"ఒంటేలు సంగతి కన్నకూతురికి యాడన్నా చెప్తారేరా? సిగ్గుండల్లా!" ఎర్రన్నకు కోపం వచ్చింది. "తప్పు నాది. నడుమొకటే చెప్తి. మన పక్క నీళ్లు తెలిసిన మనిషి నీళ్ల నొప్పే అనుకునింటే తప్పేముంది?"

"ఇంకా వెనకేసుకొస్తాండావా?"

ఇంతలో నర్సు వచ్చి ఇంజక్షన్‌కు రమ్మనింది. ఎర్రన్న లేవలేదు.

"నాకొద్దు."

"నాయనా!"

"ఆ డాక్టరు జోలికి పోనని మాటియ్యి. పేరు ఇంకెప్పుడూ అడగొద్దు. అట్లయితేనే వేయించుకుంటా. లేదంటే ఇప్పుడే బస్సెక్కుతా."

"నీ బతుకు తీసినోని కోసం నా దగ్గర మాట తీసుకుంటావా?" తేజకు ఏడుపు ఆగలేదు. పక్కనోళ్లు చూస్తాండారని కూడా చూసుకోలేదు. చివరికి తండ్రి చేతిలో చెయ్యేసినాడు. "సరే. అడగను. లెయ్ నాయనా."

ఎర్రన్న బెంచీ పట్టుకుని మెల్లగా లేచినాడు. ఆయన ముఖం కొంచెం తేలికపడింది. వనజాక్షి రిపోర్టులు బెంచీ మీద పెట్టి తమ్ముడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నువ్వు ఊరుకో పాపా" అన్నాడు ఎర్రన్న గట్టిగా.

ఆమె ఊరుకోలేదు.

"ఆ మాత్రలు రాసిచ్చింది నేనే తేజా."