తలుపు తెరిచే లైను

"అన్నా, తలుపు తెరుసుకుంటలేదు. లోపల మనిషున్నడు!"

బాటసింగారం నుంచి బాల్‌రాజ్ ఫోన్. అక్కడ అతనికి అరటికాయలు మాగబెట్టే గదులున్నాయి. గ్యాసు, చలి, తలుపు తాళం, అన్నీ కంప్యూటరే చూసుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మింది చైతన్యపురిలో ఆఫీసున్న యోగేందర్.

"పగలగొట్టుండ్రి!"

"గడ్డపారలతోటి కొడ్తనే ఉన్నం. బ్యాంకు లాకర్ లెక్కుంది గీ తలుపు. లోపల గాలాడది. జర నువ్వక్కణ్నుంచే తెరువన్నా, నీ కాళ్లు మొక్కుత."

"లోపల ఎవలు?"

బాల్‌రాజ్ ఒక్క క్షణం నసిగాడు. "మా మనిషే తియ్. ముందు తలుపు సంగతి చూడు."

యోగేందర్ కోడు తెరిచాడు. వేల లైన్లు. తలుపు విప్పేది ఏది? గ్యాసు వదిలేది ఏది?

రాసింది తన దగ్గర పనిచేసిన కొండల్. ఏ లైను ఎందుకుందో పక్కనే మామూలు మాటల్లో కామెంటు రాసేవాడు. వాటన్నిటినీ యోగేందరే చెరిపించాడు.

"గిట్ల విడమర్చి పెడితే రేపు ఇంకొకడు సదువుకొని బాగుచేస్తడు. కస్టమర్ మన గడప ఎందుకు తొక్కుతడు? తాళంచెవి మనకాన్నే ఉండాలె."

"రేపు మనకే అర్థంగాదు సార్."

"నువ్వున్నవ్ గదరా!"

సాఫ్ట్‌వేర్ అమ్ముడుపోయాక కొండల్ జీతం దండగనిపించింది. పోయిన నెల పొమ్మన్నాడు. బయటివాళ్లు కోడు ముట్టుకుంటే రిపేరు బాధ్యత తనది కాదని కస్టమర్ల ఒప్పందంలో షరతూ పెట్టాడు.

ఇప్పుడు కొండల్‌కు ఫోన్ మీద ఫోన్. కవరేజ్ ఏరియాలో లేరు. మళ్లీ అదే మాట.

"కావాలనే ఫోన్ బందువెట్టిండు. నా మీది కోపం ఒకని పానం మీద తీస్తున్నడు!"

ఆఫీసులో పనిచేసే ప్రవీణ ఎల్‌బీ నగర్‌లో కొండల్ ఉండే హాస్టల్‌కు ఫోన్ చేసింది. "రూముకు తాళమేసుందట సార్. ఏదో పని దొరికిందని పొద్దుగాల్నే పోయిండట."

"పనిమంతుడు!" యోగేందర్ పళ్లు నూరాడు. తెగించి, అనుమానమున్న లైను ఒకటి మార్చాడు.

"అన్నా, ఏం జేసినవ్? లోపల ఫ్యాన్లు బందైనయ్!" బాల్‌రాజ్ అరిచాడు. ఫోన్ కట్టయింది.

యోగేందర్ అరగంట సేపు కొండల్ నంబరే మళ్లీ మళ్లీ నొక్కాడు. చివరికి రింగయింది. ఎవరో ఎత్తారు.

"కొండలూ, జీతం డబల్ చేస్త! ఆ తలుపు లైను ఏదో చెప్పు బిడ్డా!"

ఆ ఫోను ఎత్తింది బాల్‌రాజ్, అప్పుడే తలుపు పగలగొట్టి బయటికి మోసుకొచ్చిన శవం జేబులోంచి తీసి.