శిథిల బంధం

మా పెరటి తీగగులాబీకి కట్లు విప్పిన ఉదయమిది. ఒక ప్రాణికి బంధవిమోచనం కలిగిన వేళ. కాని ఆ వేళ నా ఒళ్లు మండిపోయింది.

కట్టినది తుప్పుపట్టిన ఇనుప తీగ. అది బెరడును కోసుకుంటూ లోపలికి దిగింది. మా అక్క పోయే ముందు అంటుకట్టి ఇచ్చిన మొక్క అది. దాని పెద్ద కొమ్మ ఎండిపోయింది.

"ఏమయ్యా, నీకు కళ్లున్నాయా? నెల్లాళ్ల కిందట నేనేం చెప్పాను?" అని తోటమాలిని నిలదీశాను.

"మీరు చెప్పిందే చేశానండీ," అన్నాడతడు, నాకన్నా విసుగ్గా. "కట్టు శిథిలంగా ఉండాలన్నారు. చేతిలో ఉన్న కొత్త తీగ పక్కన పెట్టి, పాత ఇనుము కొట్లన్నీ తిరిగి తెచ్చాను. ఇంతకన్నా శిథిలం ఎక్కడ దొరుకుతుంది బాబుగారూ?"

నేను చదివిన కావ్యాలలో శిథిలమంటే వదులు. అతడు ఎరిగిన లోకంలో పాడుబడినది.

"వదులుగా కట్టమన్నానయ్యా... వేలు దూరేంత."

"ఆ ముక్క అప్పుడే అనొచ్చు కదండీ!" అంటూ అతడు భుజం మీది నూలు తువ్వాలు చింపి, మొక్క మొదలు దగ్గర మిగిలిన ఒక్క చిగురును కర్రకు వదులుగా కట్టాడు.

నా తరువాత చదువుకోబోయే వారలారా, మీ మాట వినేవారికి మొదటిసారే అర్థమగుగాక. మీ తోటలు నిండుగా పూయుగాక.