నిద్రపోని తీగ

"నీ తీగ నిద్రపోయింది, గ్విలిమ్" అన్నాడు బండి మేస్త్రీ థర్స్‌బీ.

"మేలుకునే ఉందండీ."

"మరి గంటెందుకు మోగలేదు?"

గ్విలిమ్ సైకిలును ఇసుకలో పడుకోబెట్టాడు. పందెం కారు పరుగెత్తే మైలుకి మొదట్లో ఒక తీగ, చివర్లో ఒక తీగ, ఇసుక మీద అడ్డంగా పరిచింది అతనే. చక్రం ఎక్కితే గుడిసెలో గంట మోగుతుంది, లండను నుంచి వచ్చిన పెద్దమనిషి క్షణాలు రాసుకుంటాడు. ఇవాళ మొదటి తీగ మోగింది. రెండోది మోగలేదు. పెద్దమనిషి కాగితం మీద సగమే ఉంది.

"వస్తూ వస్తూ కాలితో నొక్కి చూశాను. మోగింది" అన్నాడు గ్విలిమ్.

"నీ కాలికి మోగుతుంది. నా బండికి గురక పెడుతుంది. ఊళ్ళో నిన్ను తీగ గ్విలిమ్ అంటారటగా. రేపట్నించి నిద్ర గ్విలిమ్ అంటారులే."

ఇన్ని పందేల్లో గ్విలిమ్ తీగ ఒక్కసారి తప్పలేదు. ఆ పేరు తప్ప అతనికి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

పెండైన్ తీరం మీద పొగమంచు మోకాళ్ళ ఎత్తున నిలిచి ఉంది. కింద ఇసుక ఉందో నీళ్ళున్నాయో కాలికే తెలియాలి. అందరూ నడుముల దాకా మబ్బులో మునిగినట్టు కనిపిస్తున్నారు. ఇందాక బండి వచ్చినప్పుడు కూడా అంతే. చాలాసేపు చప్పుడే వచ్చింది. తర్వాత ఒక పొడుగాటి తెల్లటి వీపు మంచు మీద తేలుతూ పోయింది. అది వెళ్ళాక మంచు రెండుగా విడిపోయి, నెమ్మదిగా మళ్ళీ కలుసుకుంది.

కెప్టెన్ రెన్నిక్ ఇంకా సీట్లోనే ఉన్నాడు. మొహమంతా నూనె మసి. కళ్ళద్దాలున్న చోట రెండు తెల్లటి గుండ్రాలు. ఆ గుండ్రాల్లోంచి ఎటో చూస్తున్నాడు.

"ఎలా వెళ్ళింది?" అని అడిగాడు థర్స్‌బీ.

"మొదట్లో ఎముకలు కదిలిపోయాయి. చివర్లో మాత్రం..." కెప్టెన్ తన చేతులు చూసుకున్నాడు. "రెప్పపాటే అనుకో. గతుకులన్నీ ఆగిపోయాయి. ఎవరో ఉయ్యాల్లో వేసినట్టు. స్టీరింగ్ ఎటు తిప్పినా బరువే లేదు. కళ్ళు మూసుకుందామనిపించింది."

థర్స్‌బీ బండి ముక్కు మీద అరచెయ్యి వేసి నిమిరాడు. తేలికపాటి కర్ర చట్రం మీద నారగుడ్డ బిగించి, దాని మీద పూత పూసిన ఒళ్ళు అది. పైన నున్నగా ఉబ్బు, కింద చదును.

"యుద్ధంలో నాలుగేళ్ళు విమానాలకి రెక్కలు చేసిన చెయ్యి ఇది. గాలి తగలదు, జారిపోతుంది. పైగా ముక్కులో ఉన్న సీసం దిమ్మలు పొద్దున్నే తీయించేశాను."

"నాకు చెప్పలేదే?"

"చెబితే వద్దంటావు. బరువంటే నాకు పడదు."

"ఆ సీసం ఎవరు పెట్టారండీ?" అన్నాడు గ్విలిమ్.

"నాకు ముందు ఈ బండి చూసుకున్న ముసలి కమ్మరి. గుర్రాలకి లాడాలు కొట్టుకునేవాడు. నువ్వు నీ తీగ సంగతి చూసుకో."

సముద్రం తిరిగి వచ్చేదాకా గంటన్నర ఉంది. ఆ లోపు అటొకసారి, ఇటొకసారి మైలు దాటితేనే లోకంలో అందరికంటే వేగం వీళ్ళదవుతుంది. మొదటి పరుగు లెక్కలోకి రాలేదు.

"ఇట్నించే మొదలుపెడదాం" అన్నాడు కెప్టెన్. "ఈసారి ఇంకా తొక్కుతాను. ఆ చివరి ముక్క ఎలా ఉందో, మైలు పొడుగునా అలాగే ఉండాలి నాకు."

"ఆ తీగ మార్చు, గ్విలిమ్" అన్నాడు థర్స్‌బీ.

ఇంజను అంటుకుంది. మంచు వణికింది. గ్విలిమ్ సైకిలు లేపాడు గానీ ఎక్కలేదు. మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టే.

అప్పుడు అతని భార్య మైర్ మంచులోంచి వచ్చి, బండి ముందు కర్ర అడ్డం పెట్టి నిలబడింది. ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి ఆలిచిప్పలు ఏరుకుని బతికే మనిషి. పందెం రోజున మాత్రం తినడానికి కాదు, చక్రాలు కోసుకుపోకుండా ఏరుతుంది. బండి తిరిగి వచ్చేది వెళ్ళిన గాడిలోనే కనుక, మంచులో ఒంగి, వేళ్ళతో ఆ గాడి తడుముకుంటూ ఏరుతారు.

"ఏరడం అయిందా?" అని అరిచాడు థర్స్‌బీ.

"కొంత ఏరలేదు అయ్యగారూ."

"ఎక్కడ?"

"మా ఆయన తీగ దగ్గర."

"నీ మొగుడు నిద్రపోయాడని నువ్వూ పడుకున్నావా?"

మైర్ కర్ర తియ్యలేదు. కెప్టెన్ చెయ్యి ఎత్తాడు. ఇంజను ఆగింది. దూరంగా అలల చప్పుడు వినిపించింది.

"ఎందుకు ఏరలేదమ్మా?" అన్నాడు కెప్టెన్ మెల్లగా.

"గాడి దొరక్క, బాబూ. తీగకి పది బారలు ఇవతల ఆగిపోయింది, పది బారలు అవతల మళ్ళీ మొదలైంది. మధ్యలో నా వేళ్ళకి తగిలినవి పిట్టల కాలిగుర్తులే."