రాక్షసి పక్కన రాకుమారి

రిహార్సల్‌కి వచ్చిన పిల్లలంతా ఆ పూట ఒకే బల్ల చుట్టూ మూగారు.

అది అందమైన మాస్కులు చేసే మేస్త్రి బల్ల కాదు.

కాగితం గుజ్జుతో అతను చేసిన రాకుమారి మాస్కు అతని బల్ల మీదే ఉంది. అటు ఒక్కరైనా చూస్తేనా!

అందరి కళ్లూ కొత్తగా చేరిన ముసలాయన చేస్తున్న రాక్షసి మాస్కు మీదే. వంకర మూతి, బుర్రముక్కు, దాని మీదో పులిపిరి.

"తాతా, ఇంకో కోర పెట్టవా!"

"పెడతా తల్లీ. ముందు ఉన్నదానికి భయపడండి మరి!"

పిల్లలు కెవ్వున అరిచి, పడీపడీ నవ్వారు.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది.

నాటకాల కంపెనీలో రాకుమారిని చేసేవాడే పెద్ద మేస్త్రి. ఏళ్లుగా ఆ పని తనది. ఈ ముసలాయన దానికే ఎసరు పెడుతున్నాడని అతని ఏడుపు.

పైగా ఆయన మాటిమాటికీ వచ్చి రాకుమారిని తేరిపార చూస్తాడు. వెళ్లి, తన రాక్షసి ముక్కు మీద ఇంకో ముద్ద గుజ్జు అతికిస్తాడు.

"ఏంటి పెద్దాయనా, వెక్కిరింతా?"

"అయ్యో, లేదు బాబూ. నీ పిల్ల ముక్కు ఎంత సన్నమో చూస్తేనే కదా, నాది ఎంత లావుండాలో తెలిసేది!"

మేస్త్రి నమ్మలేదు. తిన్నగా యజమానురాలి గదిలోకి వెళ్లాడు.

"ఆయనుంటే నేనుండను అమ్మగారూ. ఏదో ఒకటి తేల్చండి."

గుమ్మం దగ్గర నిలబడ్డ ముసలాయన ఆ మాట విన్నాడు. యజమానురాలు ఆపినా ఆగకుండా, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రికి కడుపు చల్లబడింది. రాక్షసి మాస్కుని అటక మీద పడేశాడు.

సాయంత్రం నాటకంలో రాక్షసి వేషగాడికి మొహాన మసి పూసి సరిపెట్టారు. ఎవరూ జడవలేదు. రాకుమారి తప్పించుకున్నా ఎవరికీ పట్టలేదు. ముందు వరసలో ఓ పాప ఆవులించింది.

"నా రాకుమారికి ఏమైంది అమ్మగారూ? ఎవరూ చూడనే లేదు!"

"దానికేం? బాగానే ఉంది. పక్కన అంత వికారం ఉంటేనే అంత అందం కంటికి ఆనుతుంది. ఆయన వచ్చింది అందుకే."

"నా బొమ్మ ఎలా కనబడితే ఆయనకెందుకు?"

యజమానురాలు రాకుమారి మాస్కుని చేతిలోకి తీసుకుంది.

"చెప్పొద్దన్నాడు. ఇక దాచి ఏం లాభం? నీకు ముందు ఇక్కడ రాకుమారుల్ని చేసింది ఆయనే. పని అడగడానికి నువ్వు తెచ్చిన మాస్కు చూసి, 'నాకంటే బాగా చేశాడు, నా పని ఈ అబ్బాయికిచ్చేయండి' అని తనంతట తనే లేచి వెళ్లిపోయాడు."