మూడో రాజు చెయ్యి

మూడో రాజు చెయ్యి లేచింది, లేచి తిన్నగా తెబాన్ దవడకి తగిలింది.

"చంపేశావు కదరా!" తెబాన్ గడ్డం పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "బాలయేసుకి కానుక ఇమ్మంటే నన్ను చెంపదెబ్బ కొడుతున్నాడేమిట్రా నీ రాజు?"

"నువ్వెందుకు అడ్డం నిలబడ్డావు మరి?" అని ఇసగాని స్విచ్చి ఆపేశాడు.

రాజుగారి అంగీ కుడుతున్న లిగాయా, పళ్ళ మధ్య గుండుసూదులు ఉన్నాయని కూడా చూసుకోకుండా నవ్వేసింది.

ఫిలిప్పీన్స్‌లోని తార్లాక్‌లో క్రిస్మస్‌కి వీధివీధికీ బొమ్మలతో యేసు పుట్టిన పశువుల పాక వేస్తారు. వీధుల మధ్య పోటీ. ఎప్పుడూ కదలని బొమ్మలే పెట్టే సాన్ రోకే వీధివాళ్ళు ఈసారి వాటిని కదిలించి తీరాలని పట్టుబట్టారు. తెబాన్ జీప్నీ బళ్ళు బాగుచేసి రిటైరైన మెకానిక్. లిగాయాది టైలరింగ్. ఇసగాని బేకరీలో రొట్టెలు కాలుస్తాడు. ఈ విద్య ముగ్గురికీ ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూడటం, వేళ్ళు కాల్చుకోవడం, మళ్ళీ చూడటం, అంతే. నాలుగు నెలలు తిరిగేసరికి పాత జీప్నీల వైపర్ మోటార్లతో, సైకిల్ చెయిన్లతో, గొడుగు ఊచలతో గాడిద చెవులాడించడం మొదలుపెట్టింది. మరియమ్మ తల వంచి బిడ్డను చూసుకుంది. కానుకలు తెచ్చిన ముగ్గురు రాజుల్లో ఇద్దరు నడుం వంచారు. తుక్కుకి ప్రాణం పోసిన ఆ చేతులకి ఎవరైనా దణ్ణం పెట్టాల్సిందే.

మూడో రాజు మాత్రం ఇసగాని సొంతం. ఎవరినీ ముట్టుకోనివ్వడు. దాని మోటారు ఒక పాత బస్సుది. అంత నెమ్మదిగా తిరిగేది వాళ్ళ దగ్గర అదొక్కటే ఉంది. చెయ్యి ఝుయ్‌మని లేచి, చివర టక్‌మంటుంది.

"ఇంత నెమ్మదా? ఈ రాజు కానుక ఇచ్చేసరికి ఈస్టరొస్తుంది," అన్నాడు తెబాన్.

"నెమ్మదిగానే లేవాలన్నా."

"చెయ్యి బదులు ఈ దోనె రేకేమిటి? లోపల దూది పరుపు కూడానా! రాజుగారికి ఒత్తుకుంటుందా?"

"ఒత్తుకోకూడదు."

"ఈ స్ప్రింగు?"

"ఎవరైనా చెయ్యి పట్టుకుని లాగితే, వాళ్ళతోపాటు వస్తుంది. విరగదు."

"బొమ్మ చెయ్యి ఎవడు లాగుతాడ్రా? మనం గెలవాలి, తెలుసా? పదకొండేళ్ళుగా పక్క వీధే గెలుస్తోంది!"

వాకిట్లో పేము కుర్చీలో కూర్చున్న ఇసగాని తల్లి ఉర్సులా ఇదంతా వింటోంది. ఎనభై నాలుగేళ్ళ మనిషి. బాప్తిస్మం నాడు తెబాన్‌ని ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆవిడే. మార్చిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచీ దాన్ని శాలువా కింద దాచేస్తోంది.

ఇంటికి వెళ్ళేముందు తెబాన్ అలవాటుకొద్దీ ఆవిడ ముందు వంగాడు. దీవెన కోసం, పెద్దవాళ్ళు చెయ్యి చాపితే అందుకుని నుదుటికి ఆనించుకోవాలి. ఇవ్వని చెయ్యి లాక్కోకూడదు. వంగాక గుర్తొచ్చి, ఆవిడ భుజం తాకి లేచాడు.

"ఈ క్రిస్మస్‌కి నా గది తలుపు తియ్యొద్దని వాడికి చెప్పరా," అందావిడ. "వీధంతా వచ్చి వంగుతుంది. నేనేం చాపను? ఎడమచెయ్యా?"

"దేవుడు పట్టించుకోడు పెద్దమ్మా."

"నేను పట్టించుకుంటాను."

ఇసగాని తల వంచుకుని రేకుకి ఆకురాయి పెడుతున్నాడు.

ఇరవై మూడో తేదీ సాయంత్రం పోటీ పెద్దలు వచ్చారు. గాడిద చెవులాడించింది. జనం చప్పట్లు కొట్టారు. మరియమ్మ తల వంచింది. ఇద్దరు రాజులు వంగారు. మూడో రాజు మాత్రం బిగుసుకుని నిలబడ్డాడు. తెబాన్ స్విచ్చి వేశాడు, ఆపాడు, మళ్ళీ వేశాడు. చెమటలు పట్టేశాయి.

"ఏమైందిరా?"

"మోటారు పోయిందన్నా."

"నిన్న బాగానే ఉందిగా!"

"పొద్దున్నే పోయింది."

"నోట్లో ఏం పెట్టుకున్నావురా, అప్పుడే చెప్పకుండా?"

సాన్ రోకే వీధికి రెండో స్థానం వచ్చింది.

"ఒక్క చెయ్యి! ఒక్క చెయ్యి లేచుంటే గెలిచేవాళ్ళం కదరా!" అన్నాడు తెబాన్. ఆ తర్వాత వాడితో మాట్లాడటం మానేశాడు. లిగాయా ఎంత చెప్పినా వినలేదు.

కోపం ఎంత ఉన్నా, క్రిస్మస్ పొద్దున జ్ఞానతల్లిని చూడకుండా ఉండలేడు. మూసిన తలుపుకే దణ్ణం పెట్టుకుని వచ్చేద్దామని, బిబింకా రొట్టెల పొట్లం పట్టుకుని బయల్దేరాడు. తీరా చూస్తే ఉర్సులా వాకిట్లోనే ఉంది. అదే పేము కుర్చీ, కొత్త శాలువా. తలకి నూనె రాసి దువ్వుకుంది. ఇసగాని ఓ మూల కోకో కలుపుతున్నాడు, ఇటు చూడలేదు.

తెబాన్ వంగి, భుజం తాకబోయాడు.

"ఆగరా, తొందరేమిటి?" అందావిడ. ఎడమచెయ్యి శాలువా కింద ఏదో వెతుక్కుంది.

శాలువా కదిలింది. కుడిచెయ్యి లేచింది. నెమ్మదిగా, ముడతలు పడిన ఆ వేళ్ళు వంగిన తెబాన్ నుదుటి ముందుకు వచ్చి ఆగాయి. ఆ చెయ్యి అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. లాగినంత మేర అది మెత్తగా తనతోపాటు వచ్చింది.

"దేవుడు నిన్ను చల్లగా చూడాలి నాయనా," అంది ఉర్సులా.

"పెద్దమ్మా, నీ చెయ్యి... నీ చెయ్యి వచ్చేసింది!" తెబాన్ కళ్ళనీళ్ళతో ఇసగాని వైపు తిరిగాడు. వాడు ఇంకా కోకోనే కలుపుతున్నాడు.

ఆవిడ చెయ్యి తిరిగి ఒడిలోకి దిగుతుంటే తెబాన్ చెవులు రిక్కించాడు. శాలువా కిందనుంచి ఝుయ్‌మని, చివర టక్‌మంది.

మోటారు ఎక్కడికి పోయిందో అతనికప్పుడు తెలిసింది.