రెండో పేరు

1988లో జహీరాబాద్ దగ్గరి ఒక చక్కెర మిల్లులో మహాదేవప్ప కంప్యూటర్ ఆపరేటర్. రాత్రి అన్ని గదుల తెరలూ కలిసి ఉండే యూనిక్స్ మెషీన్ ఆపే ముందు, ఇంకెవరైనా పనిలో ఉన్నారేమో చూసే కమాండ్ కొట్టాడు.

తెరమీద రెండు పేర్లు వచ్చాయి. ఒకటి తనది. రెండోది చంద్రప్పది.

తోటి ఆపరేటర్ చంద్రప్ప చనిపోయి నెల దాటింది. జ్వరమొచ్చిన రోజు, "అన్నా, జర నా పని గూడ చూడు" అని పాస్‌వర్డ్ చెప్పి వెళ్లాడు. తన తప్పుడు లెక్కలు బయటపడకుండా ఆ పాస్‌వర్డ్‌తోనే మహాదేవప్ప చెరకు రికార్డులు చెరిపేశాడు. నింద మోసిన చంద్రప్ప హైవే మీద లారీకి ఎదురెళ్లాడు.

మహాదేవప్ప గేటుకు ఫోన్ చేశాడు. "ఈరయ్యా, లోపలికెవరన్న వచ్చిన్రా?"

"ఎవ్వరు రాలే సార్. మీరొక్కరే ఉన్నరు."

తాళం వేసి ఉన్న పక్కగదిలో కీబోర్డు టకటకలాడి ఆగింది. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక తెలుగు మాట తెరమీదికొచ్చింది.

"అన్నా, నీ పాస్‌వర్డ్ నాకు గూడ ఎరుకే."

మళ్లీ అదే కమాండ్ కొట్టాడు. ఈసారి చంద్రప్ప లేడు. రెండు పేర్లూ మహాదేవప్పవే.

పక్కగదిలో కీబోర్డు మళ్లీ మొదలైంది. ఈ సీజన్ రికార్డులు ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి.